అక్క పొలంలో బాంబు గుంతలు

పోయిన మాఘమాసంలో ఒక పొద్దున మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, జేసీబీ ఆయన వాపస్ పోయిండే" అన్నాడు. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ.

మేనల్లుడంటే మా అక్క కొడుకు. ముందు దుబాయిలో, తర్వాత మస్కట్‌లో పైపులు బిగించే పని చేసి, యాభై దాటాక ఇల్లు చేరాడు. లక్సెట్టిపేట అవతల, గోదావరికి దగ్గరగా వాళ్లకొక చెల్క ఉంది, వాన మీద పండే మెట్ట పొలం. దాంట్లో చేపల చెరువు తవ్వించాలని అతని కోరిక. గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ ఫోన్‌లో ఆ చెరువు గురించే మాట్లాడేవాడు. ఆ చెల్క నడుమ వరసగా ఐదు గుంతలున్నాయి. వాటిని కలిపేస్తే తవ్వకం సగం అయినట్టేనని అతని ఆలోచన.

"ఎందుకు పోయిండు?"

"'గివి బాంబుల గుంతలట గద. లోపల పేలనిదేమన్న ఉంటే నా బండి ఖరాబ్, నేను ఖరాబ్' అన్నడు. మంచిర్యాల నుంచి ఇంకొకాయన్ని పిలిస్తే 'రేపొస్త' అన్నడు. గా రేపు ఇంక రాలే."

"నన్నేం చేయమంటవ్?"

"నువ్వు ఆకాశం ఫోటోలు చూసే నౌకరీ చేసినవ్ గద మామా. చూసి చెప్పు. బాంబులు కావు అని ఒక్క కాయితం రాసియ్యి. సంతకం పెట్టు. పరేషాన్ పోతది."

వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. ఎనభై దాటినా ఆమె గొంతుకు ఫోన్ అక్కర్లేదు. "కావు అని ఎట్ల రాస్తడు? మా మామ అబద్ధమాడిండా? బాంబుల గుంతలే అని రాయుమను. రాసినంక జాగ్రత్తగ తవ్వుకో."

అలా తల్లీకొడుకులు ఒకే కాగితం మీద రెండు వేర్వేరు మాటలు అడిగారు.

అక్క పట్టుదలకు కారణం ఉంది. ఆ ఊళ్లో వాళ్ల ఇంటిని బాంబులోళ్లిల్లు అంటారు. పెళ్లయి వెళ్లిన కొత్తలో ఆమెను పలకరించిన ప్రతి ఆడమనిషీ "బాంబులోళ్ల కొత్త కోడలివా?" అనే అడిగిందట. ఆ పేరు ఆమె మామగారు, అంటే మా బావ తండ్రి, తెచ్చింది. నేను ఎండాకాలం సెలవులకు అక్క దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ఇంటి ముందు గద్దె మీద కూర్చుని ఆ ముచ్చట చెప్పేవాడు. యుద్ధం రోజులు. ఆయన జొన్నచేనులో ఉన్నాడు. గోదావరి మీది నుంచి ఒక విమానం తుమ్మచెట్ల ఎత్తున వచ్చింది. ఒకదాని వెనక ఒకటి ఐదు బాంబులు వేసింది. ఆయన బోర్లా పడుకున్నాడు. లేచేసరికి నెత్తి మీద మట్టి, పక్కన పగిలిన నీళ్లకుండ, ఎడమ చెవిలో రొద. ఆ చెవి ఆ తర్వాత మళ్లీ పలకలేదు. అది మాత్రం అందరికీ తెలిసిన నిజం. ఆయనతో మాట్లాడాలంటే కుడి పక్కకు వెళ్లాలి.

ఏ యుద్ధమో మాత్రం ఎవరూ ఒక్క తీరుగా చెప్పేవారు కాదు. జర్మనీ లడాయి అని కొందరు, నిజాం రాజ్యం పోయినప్పటిదని కొందరు. ఆయన్నే అడిగితే, "బాంబు మీద తారీఖు రాసి వేస్తరా?" అని నవ్వేవాడు.

ఆ ముచ్చట తర్వాత అక్కకు వచ్చింది. ఆయన పోయాక, మా బావ పోయాక, చెప్పడానికి ఆమె ఒక్కతే మిగిలింది. కుండ పగిలిన చోట ఆగి, వినేవాళ్ల ముఖాలు ఒకసారి చూసి, అప్పుడు చెవి సంగతి ఎత్తుకునేది. అచ్చం వాళ్ల మామలాగే.

నా నౌకరీ గురించి కొంచెం చెప్పాలి. కాలువల శాఖలో, విమానం నుంచి తీసిన ఫోటోలు చూసి పటాలు గీసే పని మాది. కరీంనగర్‌లో పాత పెంకుటింట్లో ఆఫీసు. ఒకే చోటును కొంచెం జరిగి తీసిన రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి, రెండు అద్దాల పరికరంలోంచి చూస్తే భూమి లేచి నిలబడుతుంది. మొదటిసారి నా కళ్ల ముందు ఒక గుట్ట లేచినప్పుడు, ముక్కుకు తగులుతుందేమోనని తల వెనక్కి తీసుకున్నాను. గదిలో అందరూ నవ్వారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఒకనాడు అలా తల వెనక్కి తీసుకున్నవాళ్లే.

ఎండాకాలంలో కూడా ఫ్యాను వేసుకునే వీలు లేదు, కాగితాలు లేస్తాయి. కిటికీలకు గోనె పరదాలు కట్టి నీళ్లు చల్లేవాళ్లం. తడిసిన గోనె వాసన, ఫోటోల మందు వాసన కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పుడు ఎక్కడైనా తడి గోనె వాసన వస్తే నా వేళ్లు పెన్సిల్ కోసం వెతుకుతాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక సబ్బుతో చేతులు కడుక్కుని, మా పెద్దసారుకు చూపించి, అప్పుడు ఫోటో ముట్టుకోవాలి. ఒకసారి ఆయన నా వేళ్లు వాసన చూసి, "మామిడికాయ తొక్కు. మళ్లీ కడుక్కో బిడ్డా" అన్నాడు.

ఆ ఫోటోల్లో మా జిల్లాలు ఇప్పుడున్నట్టు ఉండేవి కావు. కాలువ నీళ్లు రాకముందు భూమి అది. ప్రతి నాలుగు చేండ్లకు ఒక మోటబావి. ఎద్దులు దిగి వెళ్లే వాలు బావికి ఒక పక్క ఉంటుంది కాబట్టి, పైనుంచి చూస్తే బావి తోక ఉన్న కప్పపిల్లలా కనిపించేది. సుల్తానాబాద్ చుట్టూ అలాంటి కప్పపిల్లలు లెక్కకు మించి ఈదుతుండేవి. వాటికి ఒక్కొక్కదానికి పటం మీద చుక్క పెట్టడం నా పని. ఇప్పుడు ఆ చుక్కలన్నీ పూడిపోయాయి.

గుండ్రంగా ఉన్నదేదో పోల్చుకోవడం మాకు ప్రత్యేకంగా నేర్పారు. ఉత్తరాదిన శిక్షణకు పంపినప్పుడు మాకు పాఠం చెప్పిన ముసలాయన, పెద్ద యుద్ధంలో శత్రువుల ఊళ్ల ఫోటోలు చదివిన మనిషి. బల్ల మీద ఫోటోలు పరిచి, "ఇది బావి, ఇది సున్నపుబట్టీ, ఇది బర్రెలు పొర్లిన మడుగు. మరి ఇది?" అనేవాడు. బాంబు పడ్డ చోట మట్టి నలుదిక్కులకూ ఎగిరి, గుంత చుట్టూ తెల్లటి వలయంలా పరుచుకుంటుంది. లోపల గిన్నెలా నున్నగా ఉంటుంది. ఒకే విమానం వేసినవి ఒక వరసలో ఉంటాయి. పేలకుండా భూమిలో దిగినది చిన్న చీకటి చుక్కలాగా మాత్రమే కనిపిస్తుంది. ఆ చుక్కను చూపించినప్పుడు ఆయన వేలు ఫోటోకు కాస్త ఎడంగా ఆగేది. నేను దాన్ని అప్పుడే గమనించాను.

శిక్షణ నుంచి వచ్చిన ఏడాదే అక్క ఊరు ఉన్న ఫోటో నా బల్ల మీదికి వచ్చింది. నాకు రోజూ డైరీ రాసే అలవాటు. ఆనాటి పేజీలో ఇలా ఉంది: "అక్క ఊరు చూశాను. చెల్కలో ఐదు దిబ్బలు." దిబ్బలని రాయడం కొత్తవాళ్లందరూ చేసే తప్పే. మన దేశంలో ఎండ దక్షిణం నుంచి పడుతుంది. ఉత్తరం పైకి పెట్టి ఒక్క ఫోటోనే చూస్తే నీడలు మనకు అవతలి వైపు పడి, కన్ను మోసపోయి, గుంత దిబ్బలాగా, దిబ్బ గుంతలాగా కనిపిస్తాయి. పెద్దసారు వచ్చి, ఒక్క మాట అనకుండా, ఫోటోను తలకిందులుగా తిప్పి వెళ్లిపోయాడు. దిబ్బలు అయిదూ ఒక్కసారిగా లోపలికి దిగిపోయాయి. ఆ, బాంబు గుంతలు, అనుకున్నాను. మళ్లీ చూడలేదు. ముందే తెలుసనుకున్నదాన్ని ఎవరు చూస్తారు?

ఇప్పుడు చూడాల్సి వచ్చింది. ఫోన్‌లో వచ్చే చిత్రాల్లో ఆ చెల్క నిండా సర్కారు తుమ్మే కనిపిస్తుంది. తుమ్మ మొలవకముందు తీసిన పాత ఫోటోలే కావాలి. కరీంనగర్ ఆఫీసుకు అర్జీ పెట్టుకుని వెళ్లాను. పెంకుటిల్లు లేదు, మేడ ఉంది. అక్కడి అధికారిణి ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకుంది. కంప్యూటర్ల నడుమ ఒక బల్ల ఖాళీ చేయించి, పాత రెండద్దాల పరికరం తుడిపించి పెట్టింది. ఫోటోల కవరు ఇచ్చే ముందు, "సార్, చేతులు?" అంది నవ్వుతూ. కడుక్కుని వచ్చి చూపించాను.

గుంతలు లేచాయి అనాలో, దిగాయి అనాలో. ఐదూ తిన్నగా ఒక వరసలో ఉన్నాయి. నేను ముందుగా చిన్న చీకటి చుక్క కోసం వెతికాను. చెల్క అంతా, పక్క చేండ్లు కూడా. ఎక్కడా లేదు. తర్వాత తెల్లటి వలయం కోసం చూశాను. అదీ లేదు. తవ్విన మట్టి చుట్టూ పరుచుకోలేదు. ఒక్క పక్కకే పోయింది. ఆ పక్కన, గుంతల వరసకు సమంగా, ఒక పాత రోడ్డు కట్ట పోతోంది. కట్ట మట్టి ఈ గుంతల్లోదే. నాలుగు మూలలతో తవ్విన గుంత కూడా కొన్ని వానాకాలాలు తింటే అంచులు రాలి గుండ్రమవుతుంది.

ఇక ప్రతి గుంత నడుమా ఒక చిన్న మొటిమ. అది చూసి నేను చాలాసేపు కన్ను తీయలేదు. బాంబు గుంతలో మొటిమ ఉండదు.

మట్టిపని చేసినవాళ్లకు ఆ మొటిమ ఏమిటో తెలుసు. ఎవరైనా గుంత తవ్వినప్పుడు నడుమ ఒక దిమ్మెను, పైన గడ్డి కూడా చెక్కకుండా, అలాగే వదిలేస్తారు. అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిమ్మె చెబుతుంది. కొలిచే మనిషి వచ్చి, దిమ్మె నెత్తి నుంచి గుంత అడుగు దాకా కొలిచి, తవ్విన లోతు రాసుకుంటాడు. కొలత అయిన మరుక్షణం దిమ్మెను కొట్టేస్తారు. అలాగే ఉంచితే, ఒకసారి కొలిచిన గుంతనే మళ్లీ కొలిపించుకోవచ్చు. కాబట్టి కొలిచిన గుంతలో దిమ్మె ఉండటం నేను నా సర్వీసులో చూడలేదు.

మరి ఈ ఐదింటిలో ఎందుకున్నాయి? అది మాత్రం ఫోటో చెప్పలేదు.

మర్నాడు మంచిర్యాల బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలా అని ఆలోచన. కాగితం మేనల్లుడు అడిగినట్టే రాసి జేబులో పెట్టుకున్నాను. నిజం అదే. కానీ ఆ కాగితంతో అతనికి చెరువు వస్తుంది, అక్క చేతిలోంచి ఆమె ముచ్చట పోతుంది. ఎనభై ఏళ్ల మనిషికి, నువ్వు అరవై ఏళ్లు చెప్పింది జరగలేదు అని ఎలా చెప్పడం?

అక్క వాకిట్లో చాప మీద కూర్చుని అనపకాయలు వలుస్తోంది. సర్వపిండి కాల్చి పెట్టింది. తిన్నాక, మేనల్లుడు ఎదురుగా కూర్చున్నాక, చెప్పాను. ఆమె కుడి చేయి ఆగలేదు. గింజలు గిన్నెలో పడుతూనే ఉన్నాయి.

"గంతేనా? బాంబు కాదు, గుంత అంటవ్."

"మనుషులు తవ్విన గుంతలక్కా. రోడ్డు కట్టకు."

"నువ్వు మీదికెల్లి చూసినవ్. మా మామ కిందున్నడు. ఎవరికి ఎక్కువ ఎరుక?"

మేనల్లుడు నవ్వబోయి ఆపుకున్నాడు. తల్లిని అతను అవ్వా అనే పిలుస్తాడు. "అవ్వా, మామ చదువుకున్నడు గద..."

"నువ్వు ఊకోరా. నీకు చేపలు గావాలె."

నేను దిమ్మెల సంగతి చెప్పాను. ఎందుకు వదులుతారో, ఎలా కొలుస్తారో, కొలిచాక ఎలా కొట్టేస్తారో. చెబుతుండగా గింజల చప్పుడు ఆగిపోయింది.

"ఏమన్నవ్? కొలిచినంక కొట్టేస్తరా?"

"కొట్టేస్తరు. ఉంచరు."

"కొలువకపోతే?"

"కొలిచేదాక ఉంటయి."

అక్క గిన్నెను పక్కకు జరిపింది. తర్వాత నాతో కాకుండా కొడుకుతో అంది. "మీ తాత వానకాలం రాకముందు గా దిమ్మెల మీద తంగెడు కొమ్మలు కప్పేటోడు. పెచ్చులు లేస్తే మట్టి మెత్తేటోడు. ఒక్క యేడు మీ బాపు నాగలి తాకిచ్చిండు. జరంత ముక్క ఊడింది. గా దినం మీ తాత అన్నం ముట్టలే. నేను బతిమాలితే, 'ఇంక కొలువలే బిడ్డా' అన్నడు. ఎప్పుడూ గదే మాట. ఇంక కొలువలే, ఇంక కొలువలే."

"నువ్వేమనుకున్నవ్ అవ్వా?"

"నేనేమనుకుంట? బాంబు ఎంత లోతు పడ్డదో సర్కారోళ్లు కొలువాలె గావచ్చు అనుకున్న."

ఇప్పుడు నాకు తెలిసింది చెప్పాల్సి వచ్చింది. నేను నౌకరీలో చేరిన కొత్తలో ముసలి మేస్త్రీలు చెప్పేవారు. ఆ కాలంలో రోడ్డు పడుతుంటే ఊరి మీద వెట్టి పడేది. ఇంట్లో మగవాడికో గుంత. తవ్వాలి, కొలిచే మనిషి వచ్చి 'అయింది' అనాలి. ఆ మాట అనేదాకా ఆ మనిషికి విడుపు లేదు, మళ్లీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి. ఈ కట్ట దగ్గరికి కొలిచే మనిషి రాలేదు. రాజ్యమే మారిపోయిందో, ఇంకేమైనా అయిందో. దిమ్మెలు నిలబడి ఉన్నాయి.

"ఐదెందుకు?" అన్నాడు మేనల్లుడు.

"వాళ్లు ఐదుగురన్నదమ్ములు గదరా" అంది అక్క. "నలుగురు షోలాపూర్, బొంబాయి పట్టిన్రు. మళ్ల రాలే. మీ తాత అందరికంటె చిన్నోడు. గీడనే ఉన్నడు."

అప్పుడు అక్క తన ఎడమ చెవి మీద చేయి పెట్టుకుంది. "తమ్మీ, చెవి? చెవి నిజమే గద?"

"చెవి సంగతి ఫోటోల కనబడదక్కా."

"చెంప మీద గట్టిగ కొట్టినా చెవి పోతది" అంది మెల్లగా. "వెట్టికాడ కొట్టిన్రని పెండ్లాంకు, పిల్లలకు ఎట్ల చెప్తడు? విమానమొచ్చిందని చెప్పిండు."

పరువు కోసం అలా చెప్పాడో, బాంబు భయం ఉంటే ఆ దిమ్మెల మీదికి ఎవరూ నాగలి తోలరని చెప్పాడో నాకు తెలియదు. రెండూ కావచ్చు. నేను జేబులోంచి కాగితం తీసి మేనల్లుడి చేతికి ఇచ్చాను. అక్క దాన్ని చూడను కూడా చూడలేదు.

"కాయితం సరే. నువ్వు సర్కారు మనిషివి గద. పోయి కొలువు."

"నేను రిటైరైన అక్కా. ఎప్పుడో."

"మా మామ కాలే ఇంక."

ఆ సాయంత్రం కొలిచే టేపు ఒకటి తెప్పించాను.

మర్నాడు పొద్దున మేనల్లుడు కొడవలితో తుమ్మ కంప కొట్టి దారి చేశాడు. కాగితం చూపించాక జేసీబీ ఆయన వచ్చాడు కానీ, బండిని దూరంగా రోడ్డు మీదే ఆపుకున్నాడు. అక్క కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడింది. గుంతలు చాలావరకు పూడిపోయాయి. దిమ్మెలు అరిగి చిన్న మొద్దుల్లా ఉన్నాయి. ఒక్క చివరిదే ఎత్తుగా ఉంది, దాని పక్కన పాత మట్టి పూత పొరలు కనిపిస్తున్నాయి.

నేను టేపు తీశాను. మొద్దు నెత్తి మీద కట్టె అడ్డంగా పెట్టి, మట్టం చూసి, గుంత అడుగుకు టేపు వదిలాను. పద్ధతి ప్రకారం లోతు గట్టిగా చదవాలి, తవ్విన మనిషి వినాలి. చదివాను. నా గొంతు ఆఫీసు గొంతులా వచ్చింది, ఇన్నేళ్ల తర్వాత. "అయింది" అన్నాను. మేనల్లుడు గడ్డపారతో మొద్దును కొట్టాడు. అలా నాలుగు. ప్రతి దాని దగ్గరా అక్క, "పెద్దాయనది," "రెండో ఆయనది," అంటూ చెప్పింది. ఏది ఎవరిదో ఆమెకు ఎలా తెలుసని నేను అడగలేదు.

ఐదో దాని దగ్గర, "ఆగు" అంది. కర్ర ఆనించుకుంటూ గుంతలోకి దిగింది. దిమ్మె కుడి పక్కకు వెళ్లి నిలబడింది. "ఇప్పుడు చెప్పు. పెద్దగ చెప్పు."

పెద్దగా చదివాను. "అయింది" అన్నాను.

"అయిందట మామా" అంది అక్క. గడ్డపార ఎత్తే శక్తి ఆమెకు లేదు. కొడుకు ఎత్తి పట్టుకుంటే ఆమె చేయి వేసింది. రెండు దెబ్బలకు దిమ్మె కూలింది.

జేసీబీ ఆయన అంత దూరం నుంచి అరిచాడు. "పెద్దవ్వా, మరి బాంబు?"

"పేలాల్సింది ఎప్పుడో పేలింది గని, బండి తీస్కరా!"

చెరువులో ఇప్పుడు నీళ్లున్నాయి. ఊరు దాన్ని బాంబుల చెరువు అంటోంది. మొన్న నేను వెళ్లేసరికి అక్క గట్టు మీద కూర్చుని చేపలు కొనడానికి వచ్చిన ఒకామెకు ముచ్చట చెబుతోంది. విమానం గోదావరి మీది నుంచి వచ్చింది. కుండ పగిలింది. అక్కడ ఆగి, ఆమె ముఖం చూసింది. నేను వెనక నుంచి దగ్గాను.

అక్క తిరిగి చూడకుండానే అంది. "నువ్వు ఊకో తమ్మీ. కొలత ముచ్చట దీని వెనకనే ఉన్నది. గదీ చెప్త."